రోడ్ల శాఖలకు సరుకు అమ్మడం: టెండరు నుంచి బిల్లు దాకా నా అనుభవం

జీడిమెట్లలో మా యూనిట్. రోడ్డు మీద గీతలకు వాడే థర్మోప్లాస్టిక్ పెయింటు (వేడికి కరిగించి వేసేది), సైన్‌బోర్డులు తయారుచేస్తాం. ఈ లైనులోకి కొత్తగా వచ్చేవాళ్లంతా "నేషనల్ హైవే వాళ్ల టెండరు ఎలా వేయాలి?" అనే మొదలుపెడతారు. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది, మన సరుకుకు డబ్బులిచ్చేది ఎవరు అన్నది.

జాతీయ రహదారుల సంస్థ ఎన్‌హెచ్‌ఏఐ సాధారణంగా పెయింటు బస్తాలు కొనదు. రోడ్డు మొత్తాన్ని ఈపీసీ (డిజైను నుంచి నిర్మాణం దాకా కాంట్రాక్టరే చేసి, పని సాగేకొద్దీ డబ్బు తీసుకునే) పద్ధతిలోనో, హ్యామ్ (ఖర్చులో కొంత కాంట్రాక్టరే పెట్టి, తర్వాత వాయిదాల్లో రాబట్టుకునే) పద్ధతిలోనో కాంట్రాక్టరుకు అప్పగిస్తుంది. మన పర్చేజ్ ఆర్డరు ఆ కాంట్రాక్టరు ఇస్తాడు. సరుకును ఒప్పుకునేది మాత్రం ఈపీసీలో అథారిటీ ఇంజనీరు, హ్యామ్‌లో ఇండిపెండెంట్ ఇంజనీరు. అంటే ధర ఒకరితో, నాణ్యత ఇంకొకరితో మాట్లాడాలి. హైదరాబాద్ చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) 2023లో ముప్పై ఏళ్ల లీజుకు వెళ్లింది కాబట్టి, దాని నిర్వహణకు సరుకు అమ్మాలంటే నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ చుట్టూ తిరిగి లాభం లేదు, లీజుదారు కొనుగోలు విభాగాన్ని కలవాలి. ఎర్రమంజిల్‌లోని ఆర్ అండ్ బీ, జీహెచ్‌ఎంసీ లాంటి చోట్ల నేరుగా టెండరు వేసే అవకాశం ఉంది. వాటికి తెలంగాణ ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్ రోజూ చూడాలి. కేంద్ర సంస్థల కొనుగోళ్లకు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కొనుగోలు పోర్టల్ జెమ్ చూడాలి.

టెండరు కనపడగానే అది సరుకా, పనా అని చూడండి. చదరపు మీటరుకు ఇంత అని గీతలు వేసి ఇవ్వమంటే అది పని. దానికి కాంట్రాక్టరు రిజిస్ట్రేషన్ అడుగుతారు. ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న పరిశ్రమగా నమోదైన పత్రం) చూపిస్తే ఈఎండీ (బిడ్‌తో కట్టే ధరావతు) మాఫీ అవుతుందన్న ధైర్యం అక్కడ పనిచేయదు. కేంద్రం 2012 నాటి ఎంఎస్‌ఈ (సూక్ష్మ, చిన్న పరిశ్రమల) కొనుగోలు విధానం సరుకులు, సేవలకే. అందులోనూ సరుకు విషయంలో తయారీదారుకే తప్ప కొని అమ్మేవాడికి వర్తించదు. ఆ విధానం కింద మన రేటు ఎల్-వన్ (అందరికంటే తక్కువ కోట్ చేసినవాడు) కంటే 15 శాతం లోపు ఎక్కువున్నా, ఎల్-వన్ ధరకు దిగితే ఆర్డరులో కొంత భాగం దక్కుతుంది.

కాగితాల దగ్గరే ఎక్కువ బిడ్లు పోతాయి. పాన్, జీఎస్టీ, ఉద్యమ్ మూడింట్లోనూ పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. డిజిటల్ సంతకం క్లాస్ త్రీ, సైనింగుతో పాటు ఎన్‌క్రిప్షన్ కూడా తీసుకోండి. సీఏ ఇచ్చే టర్నోవరు సర్టిఫికెట్‌కు యూడీఐఎన్ (ఆ పత్రం అసలైనదేనని సరిచూసుకునే నంబరు) ఉందో లేదో చూసుకోండి. అనుభవం కింద ఉత్త వర్క్ ఆర్డరు పెడితే చాలదు, పని పూర్తయినట్టు సర్టిఫికెట్ కావాలి. జెమ్‌లో సాంకేతిక వివరణ అడిగితే చాలాసార్లు రెండు రోజులే గడువిస్తారు. సోమవారం చూద్దాంలే అనుకుంటే అయిపోతుంది. బిడ్‌తో పాటు వచ్చే అదనపు షరతుల పీడీఎఫ్ చివరి పేజీ దాకా చదవండి. ఫలానా ల్యాబ్ రిపోర్టు కావాలన్న మాట అక్కడే ఉంటుంది.

ఇక రేటు. గీత మందం 2.5 మిల్లీమీటర్లు. చదరపు మీటరుకు రెండున్నర లీటర్లు, లీటరుకు సుమారు రెండు కిలోల లెక్కన ఐదు కిలోల పెయింటు. పది సెంటీమీటర్ల వెడల్పుతో కిలోమీటరు పొడవునా ఆగకుండా గీత వేస్తే వంద చదరపు మీటర్లు, అంటే 500 కిలోలు, 25 కిలోల బస్తాలు ఇరవై. పైన చల్లే గాజుపూసలు చదరపు మీటరుకు 250 గ్రాములు, మొత్తం 25 కిలోలు. దీని మీద తరుగు, లారీ కిరాయి, సైటులో దింపుడు కూలి, టెస్టు ఫీజు, బ్యాంక్ గ్యారంటీ కోసం బ్యాంకులో ఇరుక్కుపోయే మార్జిన్ డబ్బు, బిల్లు ఆలస్యమైన నెలల వడ్డీ కలపాలి. జెమ్‌లో కోట్ చేసే ధరలో జీఎస్టీ కలిసే ఉంటుందని మర్చిపోతే లాభం మొత్తం పన్నుకే పోతుంది.

సరుకు ఆమోదానికి మోర్త్ (కేంద్ర రోడ్డు రవాణా శాఖ) స్పెసిఫికేషన్ల 800 సెక్షనే ఆధారం. గీతలకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ఐఆర్‌సీ 35, బోర్డులకు ఐఆర్‌సీ 67 చూడాలి. ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబ్ రిపోర్టు ఉంటే సరిపోదు, అందులోని బ్యాచ్ నంబరూ బస్తా మీద నంబరూ ఒకటే అయ్యుండాలి. బోర్డుల విషయంలో ఇంజనీర్లు మొదట అడిగేది రిఫ్లెక్టివ్ షీటు తయారీదారు ఇచ్చిన వారంటీ పత్రం. ఆ షీటు ఇన్‌వాయిసూ దాంతో కలిపి ఇవ్వండి, ప్రశ్నలు తగ్గుతాయి. అల్యూమినియం రేకు మీది జిడ్డు తుడవకుండా షీటు అంటిస్తే మొదటి ఎండాకాలానికే అంచులు లేస్తాయి.

పెయింటు మంచిదైనా వేసే చోట పాడవుతుంది, చెడ్డపేరు మాత్రం సరుకుకు వస్తుంది. అందుకే మొదటి రోజు మా మనిషిని సైటుకు పంపుతాను. పెయింటు కరిగించే కెటిల్‌లో తయారీదారు చెప్పిన వేడి దాటితే తెలుపు పసుపు తిరుగుతుంది. గీత పడీ పడగానే పూసలు రాలాలి. ఆలస్యమైతే పైపైనే నిలిచి టైర్ల కింద ఊడిపోతాయి, పెయింటు మరీ కాగి ఉంటే మునిగిపోతాయి. సగం లోపల, సగం పైన ఉన్న పూసే రాత్రి లైటుకు మెరుస్తుంది. వానాకాలంలో పైకి ఆరినట్టు కనిపించే తారులో తేమ ఉంటే గీత నిండా బుడగలొస్తాయి. సిమెంటు రోడ్డయితే ప్రైమర్ లేకుండా మొదలుపెట్టనివ్వకండి, పెచ్చులుగా లేస్తుంది.

డబ్బుల సంగతి ఆర్డరు తీసుకునేటప్పుడే రాయించుకోవాలి. "మాకు బిల్లు వచ్చాక ఇస్తాం" అన్న షరతుకు నేను ఒప్పుకోను. హ్యామ్‌లో నిర్మాణ సమయంలో కాంట్రాక్టరుకు వచ్చేది 40 శాతమే, మిగతాది ఏళ్ల తరబడి వాయిదాల్లో వస్తుంది. ఆ వరసలో మనం నిలబడలేం. సూక్ష్మ, చిన్న యూనిట్లకు ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి, దాటితే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. ఎంఎస్‌ఎంఈ శాఖ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. అయితే సరఫరా, వేసే కూలి కలిపి ఒకే వర్క్స్ కాంట్రాక్టుగా రాసుకుంటే ఆ చట్టం వర్తించదని ఎదుటివాళ్లు వాదిస్తారు, కాబట్టి సరఫరాకు విడిగా ఆర్డరు తీసుకోండి. సరుకు దిగిన రోజే డెలివరీ చలానా మీద తేదీతో సంతకం, ముద్ర వేయించండి. 45 రోజుల లెక్కకు అదే సాక్ష్యం.

నేరుగా ప్రభుత్వ ఆర్డరయితే జెమ్‌లో కన్సైనీ (సరుకు అందుకునే అధికారి) సరుకు అంగీకరించినట్టు క్రాక్ అనే సర్టిఫికెట్ ఇచ్చాకే బిల్లు కదులుతుంది. ఆర్డరు సరిగా పూర్తిచేస్తామని మనమిచ్చే పెర్ఫార్మెన్స్ గ్యారంటీ, వారంటీతో సహా అన్ని బాధ్యతలు తీరాక మరో 60 రోజుల దాకా చెల్లుబాటులో ఉండాలి. గడువు తీరాక దాన్ని వెనక్కివ్వమని ఉత్తరం రాయండి, అడక్కపోతే ఫైలులోనే ఉండిపోతుంది, బ్యాంకులో మార్జిన్ డబ్బు కూడా అలాగే ఇరుక్కుంటుంది.