ఎంత ఉంది కాదు, ఏ రూపంలో ఉంది

మా అమ్మ బొడ్లో దోపుకునే చిన్న గుడ్డసంచిలో ఆకు, వక్క, సున్నం డబ్బీతో పాటు డైక్లోఫెనాక్ గోలీల పట్టీ ఒకటి ఎప్పుడూ ఉండేది. నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలోని మా ఊళ్ళో ఆ ఈడు ఆడవాళ్ళు చాలామంది దగ్గర ఉండేది. పేరు ఎవరికీ తెలియదు, "కీళ్ళ గోలీ" అనేవాళ్ళు. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ళు తాగి తాగి మోకాళ్ళు వంగని ఊరు మాది. 2007లో విజయవాడ రోడ్డు మీదున్న ఒక మందుల కంపెనీ క్యూసీలో, అంటే నాణ్యత పరీక్షించే ల్యాబులో, చేరినప్పుడు నా చేతికి మొదట వచ్చిన శాంపిల్ ఆ గోలీయే. ఇంటికి ఫోన్ చేసి చెప్తే అమ్మ నమ్మలేదు.

క్రోమటోగ్రఫీ మీద, అంటే కలిసిపోయిన పదార్థాలను విడదీసి చూసే పని మీద, మనసు అంతకు ముందే పడింది. నల్లగొండలో డిగ్రీ చదివేటప్పుడు మా కెమిస్ట్రీ సారు చాక్‌పీస్ మీద నల్ల స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టి, మూతలో పోసిన నీళ్ళలో నిలబెట్టారు. నీళ్ళు పైకి పాకుతుంటే నలుపు కాస్తా నీలంగా, ఎర్రగా, పసుపుగా విడిపోయింది. ఆకుల రంగుల్ని సుద్ద పొడి నింపిన గొట్టంలో పోసి ష్వెట్ అనే ఆయన 1903లో చూపించింది ఇదే అని చెప్పారు. ఆ రోజు నేను చాక్‌పీసునే చూశాను. నీళ్ళను చూడాలని అర్థం కావడానికి ఆరేడేళ్ళు పట్టింది.

2009 ఎండాకాలం. డైక్లోఫెనాక్‌లో కలుషితాలు కొలిచే పద్ధతి ఒకటి మా ల్యాబులో నడిచేది. పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ కరిగించి, ఫాస్ఫారిక్ ఆమ్లంతో పీహెచ్ 4.2కి తెచ్చి బఫర్ (పీహెచ్‌ను కదలకుండా నిలపాల్సిన ద్రావణం) చేసుకుని, మిథనాల్ కలిపి మొబైల్ ఫేజ్, అంటే మందును కాలమ్ అనే గొట్టం గుండా మోసుకుపోయే ద్రావణం, చేసేవాళ్ళం. పొద్దుటి షిఫ్టులో మందు పీక్, అంటే మందు కాలమ్ దాటి వచ్చినప్పుడు గ్రాఫులో లేచే శిఖరం, ఒక నిమిషం దగ్గర వస్తే, రాత్రి షిఫ్టు వాళ్ళు కొత్తగా బఫర్ చేసుకున్నాక ఇంకో నిమిషం దగ్గర వచ్చేది. పక్కనున్న కలుషితం పీక్ మాత్రం కదిలేది కాదు. కొన్ని రోజులు మందు పీక్ జరిగి జరిగి దాని భుజం ఎక్కి కూర్చునేది, సిస్టమ్ సూటబిలిటీ (పరికరం సరిగ్గా విడదీస్తోందా అని చూసే పరీక్ష) ఫెయిల్. పైవాళ్ళు కాలమ్ మార్చమన్నారు. మార్చాం. పంపు సీళ్ళు మార్చాం. మూడో కాలమ్ కూడా పెట్టాక, రాత్రి షిఫ్టు పిల్లలకు చేతకాదని ఒక మాట పడింది. అందులో నేనూ ఒకణ్ణి. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది, ఎందుకంటే బఫర్ తూకం నేను రెండుసార్లు సరిచూసి మరీ వేసేవాణ్ణి.

ఒక ఆదివారం ఖాళీ షిఫ్టులో ఎం.ఎస్సీ నోటు పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. పీకేఏ అంటే ఆమ్లం అణువుల్లో సగం ప్రోటాన్ వదిలేసి ఉండే పీహెచ్. ఫాస్ఫారిక్ ఆమ్లం పీకేఏలు 2.15, 7.20, ఇంకోటి పన్నెండు పైన. బఫర్ తన పీకేఏకి అటో ఒకటి ఇటో ఒకటి దూరంలోనే గట్టిగా నిలబడుతుంది. 4.2 దగ్గర ఫాస్ఫేట్‌కు పట్టే లేదు. పేరుకు బఫర్, పనికి ఉప్పునీళ్ళు. ఒక చుక్క ఆమ్లం ఎక్కువ పడితే చాలు, పీహెచ్ పక్కకు పోతుంది. సరిగ్గా ఆ చోటే డైక్లోఫెనాక్ పీకేఏ కూడా ఉంది, 4కి దగ్గరలో. వట్టి నీళ్ళలో ఉన్నట్టు లెక్క వేసి చూడండి: పీహెచ్ 4.2 అయితే నూటికి 39 అణువులు ప్రోటాన్ వదలకుండా ఉంటాయి, 4.5 అయితే 24 మాత్రమే. వదలనివి నూనె గుణమున్న సీ18 కాలమ్‌ను కరుచుకుంటాయి, వదిలినవి నీళ్ళతో కొట్టుకుపోతాయి. మరి ఆ కలుషితం ఎందుకు కదల్లేదు? అది మందు అణువు తనలోంచి ఒక నీటి అణువు పోగొట్టుకుని వలయం కట్టుకున్న లాక్టమ్ అనే పదార్థం. దానికి వదలడానికి ఆమ్ల ప్రోటాన్ లేదు, పీహెచ్ ఎంత మారినా దానికి పట్టదు. ఒకటి నిలబడి ఉంది, ఒకటి ఊగుతోంది. కాలమ్‌కు ఏ పాపమూ తెలియదు.

పీహెచ్ 2.5కి దించాను. ఫాస్ఫేట్ తన ఇంట్లోకి వచ్చినట్టయింది, మందు నూటికి 97 వంతులు ఒకే రూపంలో నిలిచింది. కాలమ్ గట్టిగా పట్టుకుంది కాబట్టి మిథనాల్ కొంచెం పెంచాల్సి వచ్చింది, పెంచేటప్పుడు ఫాస్ఫేట్ ఉప్పు గడ్డకట్టకుండా చూసుకున్నాను. రెండు పీకులూ ఎడంగా, పొద్దున ఎక్కడో రాత్రీ అక్కడే. కంపెనీ కాగితాల మీద ఆ మార్పు ఎక్కడానికి మళ్ళీ వ్యాలిడేషన్ అంతా చేసి నెలలు పట్టింది, ఆ సంగతి వదిలేద్దాం. ఆ ఆదివారం సాయంత్రం ఆరు ఇంజెక్షన్లు వరసగా ఒకదాని మీద ఒకటి పడ్డట్టు వచ్చిన క్రోమటోగ్రామ్ ప్రింటు ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఆ తర్వాత నాకు కాలమ్‌ల మీద కంటే ద్రావణాల మీద పిచ్చి పట్టింది. 2011లో ఉద్యోగం చేస్తూనే ఉస్మానియాలో పీహెచ్‌డీకి చేరాను. నా ప్రశ్న చిన్నది: మనం బఫర్ పీహెచ్ నీళ్ళలో కొలుస్తాం, కానీ మందు నడిచేది మిథనాల్ కలిసిన నీళ్ళలో కదా, అక్కడ దాని పీకేఏ ఎంత? ఇలాంటి ఆమ్లాలకు మిథనాల్ పెరిగేకొద్దీ పీకేఏ పైకి పోతుంది. బఫర్‌లో ఉన్న ఆమ్లానిదీ పోతుంది, కానీ రెండూ ఒకే లెక్కన పోవు. తేడా అంతా అక్కడ పుడుతుంది.

పని మాత్రం పాతకాలపు టైట్రేషన్, చుక్క చుక్కగా క్షారం వేస్తూ పీహెచ్ చూడటం. 25 డిగ్రీల దగ్గర నిలిపే నీళ్ళ తొట్టి (బాత్), అయాన్ల బలం 0.1 దగ్గర నిలపడానికి పొటాషియం క్లోరైడ్, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ చొరబడకుండా నైట్రోజన్, ఇరవై మైక్రోలీటర్ల చొప్పున క్షారం. ప్రతి చుక్కకూ ఎలక్ట్రోడ్ స్థిరపడేదాకా కళ్ళార్పకుండా చూడాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం కరెంటు పోతే బాత్ వేడెక్కేది, సగం అయిన టైట్రేషన్ పారబోయాల్సిందే. రాత్రి పదకొండు తర్వాత మొదలుపెట్టి తెల్లారేదాకా చేసేవాణ్ణి. మా గైడు సారు ఒకటే మాట అనేవారు: "నాయనా, వక్రరేఖ బాగోలేకపోతే ముందు నీ క్షారంలో కార్బనేట్ ఉందేమో చూడు, తర్వాత సిద్ధాంతం చూడు." చూస్తే చాలాసార్లు ఉండేది.

2013లో దసరాకి ఊరికి పోతే అమ్మ బిందెలో పటిక తిప్పుతోంది. "ఫ్లోరైడు దిగుతదట, పక్కింటోళ్ళు చెప్పిన్రు" అంది. నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్ళు 1970ల్లో తయారుచేసి మన జిల్లా పేరే పెట్టిన నల్లగొండ పద్ధతి అది. కానీ అందులో పటికతో పాటు సున్నమూ వెయ్యాలి, తిప్పాలి, తేర్చాలి, వడగట్టాలి. అమ్మ ఒక్క పటికే, అదీ గుప్పెడు వేస్తోంది. తేరిన నీళ్ళు ఒక ప్లాస్టిక్ సీసాలో పట్టుకుని వచ్చాను.

నీళ్ళలో ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్ ఒక అద్భుతం. 1966లో ఫ్రాంట్, రాస్ అనే ఇద్దరు చేశారు. యూరోపియం కలిపిన లాంథనమ్ ఫ్లోరైడ్ స్ఫటికం, దాని గుండా ఫ్లోరైడ్ తప్ప ఇంకొకటి కదలదు. అమ్మ నీళ్ళలో నేరుగా ముంచితే రీడింగ్ మంచిగా వచ్చింది, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు లోపలే. సంతోషపడబోయి ఆగాను. ఈ ఎలక్ట్రోడ్ విడిగా ఉన్న ఫ్లోరైడ్‌నే చూస్తుంది. సున్నం లేక పుల్లబడిన నీళ్ళలో పటిక నుంచి కరిగిన అల్యూమినియం మిగిలే ఉంటుంది, అది ఫ్లోరైడ్‌ను గట్టిగా పట్టుకుని దాచేస్తుంది. టిసాబ్ కలిపాను, అంటే పీహెచ్‌ను 5 నుంచి 5.5 మధ్య నిలిపి, తనలోని సీడీటీఏ అనే లోహాలను పట్టే రసాయనంతో అల్యూమినియాన్ని లాగేసుకుని ఫ్లోరైడ్‌ను విడిపించే ద్రావణం. రీడింగ్ దాదాపు రెట్టింపు అయింది. హద్దు దాటింది.

ఆ రాత్రి ఫోన్లో చెప్పాను, పోయినట్టు కనిపించింది కానీ పోలేదమ్మా, పటికలో దాక్కుందని. అమ్మ కాసేపు ఆగి, "గట్లయితే నీళ్ళల్ల ఉన్నది ఉన్నట్టు సూపెట్టే మిషిన్ లేదారా నీ తాన?" అని అడిగింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో, థీసిస్ వైవాలో, నన్ను ఎవరూ అంత సూటిగా అడగలేదు. మిషిన్ ఉంటుంది, కానీ మనం ద్రావణాన్ని ఎట్లా ఉంచి అడిగితే అది అట్లానే చెప్తుంది. పీక్ ఒక్కటే వచ్చినా దాని వెనక ఆ మందు ఏయే రూపాల్లో ఉందో చూడాలని నా దగ్గర పనిచేసే పిల్లలకు చెప్పేది ఇందుకే.

మన రాళ్ళ కథ కూడా ఇదే లెక్క. గ్రానైట్‌లో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు చాలాచోట్ల ఉంటాయి. నీళ్ళలో కాల్షియం సరిపడా ఉంటే కాల్షియం ఫ్లోరైడ్‌గా కొంత దిగిపోయి హద్దులో ఉంటుంది. లోతు బోర్లలో బైకార్బనేట్ పెరిగి, కాల్షియం కార్బనేట్‌గా రాలిపోయాక ఫ్లోరైడ్‌ను ఆపేవాళ్ళు ఉండరు. రాయి ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న నీటి గుణం మా ఊరి మోకాళ్ళను బిగించింది.

ఇప్పుడు మా ఇంటికి నల్లాలో కృష్ణా నీళ్ళు వస్తున్నాయి. అమ్మ మోకాళ్ళు మాత్రం తిరిగి రావు, గోలీ పట్టీ సంచిలోనే ఉంది. వచ్చే ఉగాదికి ఊరికి పోతున్నాను. రెండు ప్లాస్టిక్ సీసాలు కడిగి ఆరబెట్టాను, ఒకటి నల్లా నీళ్ళకు, ఒకటి చేను దగ్గరి పాత బోరుకు. పొలం పనికొచ్చే కూలీలు ఇప్పటికీ ఆ బోరు నీళ్ళే తాగుతున్నారు.