కొలిచి కొన్న బ్యాండు

నేను విజయవాడ సూర్యారావుపేటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. పదమూడేళ్లుగా ఎంతమంది మణికట్టు పట్టుకుని నాడి చూశానో లెక్క లేదు. నా చేతికి ఒక బ్యాండు కట్టుకుని నా గుండె వేగం నేనే చూసుకోవాలన్న ఆలోచన మాత్రం చాలాకాలం రాలేదు. కిందటి ఏడాది సిబ్బందికి పరీక్షలు చేసినప్పుడు నా హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగరును చెప్పే రక్తపరీక్ష, 6.1 శాతం అని వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగరు గుమ్మంలో నిలబడినట్టే. మా అమ్మకు నలభై నాలుగో ఏట షుగరు వచ్చింది. నాకిప్పుడు ముప్ఫై తొమ్మిది. డాక్టరుగారు కాగితం చూసి, "వారానికి ఐదు రోజులు చెమట పట్టేలా నడవండి, వీలైతే పరుగెత్తండి. నిద్ర సరిచేసుకోండి సిస్టర్" అన్నారు.

పరుగు నా చేతిలో ఉన్న పని. మా ఇల్లు కృష్ణలంకలో. తెల్లవారుజామున ఏటి గాలి ఉన్నప్పుడే బయలుదేరితే ఎండ ముదిరేలోపు వచ్చేయవచ్చు. నిద్ర సంగతి అలా కాదు. నెలలో పది పన్నెండు రోజులు నైట్ డ్యూటీ ఉంటుంది. రాత్రి 8 గంటలకు ఎక్కితే ఉదయం 8 గంటలకు దిగుతాను. ఇల్లు చేరి, స్నానం చేసి, ఇంత తిని పడుకునేసరికి 10 దాటుతుంది. మధ్యాహ్నం మూడింటికి లేచినప్పుడు తల దిమ్ముగా ఉంటుంది. ఐదు గంటలు పడుకున్నానన్నది నిజం. అందులో నిద్ర ఎంతో నాకు తెలియదు. నాకు కావలసింది అదే.

గుంటూరులో ఉండే మా తమ్ముడికి ఇలాంటి వస్తువుల మీద మొదటి నుంచీ ఆసక్తి. షావోమీ వాళ్ల మొదటి మి బ్యాండు 2015లో మన దేశానికి 999 రూపాయల ధరకు వచ్చినప్పుడే కొన్నాడు. దానికి తెర కూడా ఉండేది కాదు, మూడు చిన్న దీపాలు వెలిగేవి, అంతే. బ్యాండు సంగతి అడగగానే, "అక్కా, డబ్బు పెట్టే ముందు నాది వారం రోజులు కట్టుకుని చూడు. నీకేం కావాలో అప్పుడు తెలుస్తుంది" అని తన దగ్గరున్న బ్యాండు పంపాడు. నాకు దొరికిన మంచి సలహాల్లో ఇదొకటి. ఆ వారం రోజులు లేకపోతే నేను తప్పకుండా మరో రకం కొని ఉండేదాన్ని.

వార్డులో కొత్త పరికరం ఏది వచ్చినా, మాకు బాగా తెలిసిన కొలతతో ఒకసారి సరిచూస్తాం. కొత్త బీపీ యంత్రం వస్తే పాదరసం దానితో పోల్చి చూసే రోజుల నుంచి నాకు ఆ అలవాటు. బ్యాండు విషయంలోనూ అదే చేశాను. దూరానికి ప్రకాశం బ్యారేజీ ఉంది. 1957లో పూర్తయిన ఆ బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు. విజయవాడ వైపు చివర మొదలుపెట్టి సీతానగరం వైపు చివరికి వెళ్లి తిరిగి వస్తే రెండున్నర కిలోమీటర్లకు కాస్త తక్కువ, 2,447 మీటర్లు. పొద్దున ఐదున్నరకు వాహనాలు పలచగా ఉంటాయి, నడిచేవాళ్లే ఎక్కువ.

తమ్ముడి బ్యాండు తొలిరోజు 2.91 కిలోమీటర్లు చూపించింది. దాదాపు అర కిలోమీటరు ఎక్కువ. కారణం వెతికితే దొరికింది. ఆ బ్యాండులో జీపీఎస్ లేదు. ఫోనుతో కలపకుండా పరుగెత్తితే అది చేతి ఊపును బట్టి అడుగులు లెక్కపెట్టి, యాప్‌లో ఇచ్చిన ఎత్తును బట్టి అడుగు పొడవును అంచనా వేసి, రెండింటినీ గుణిస్తుంది. యాప్‌లో ఉన్నది ఐదడుగుల పది అంగుళాల మా తమ్ముడి ఎత్తు. నేను ఐదడుగుల రెండు అంగుళాలు. ఎత్తు మార్చాక 2.58కి వచ్చింది. మూడో రోజు ఫోను నడుము సంచిలో పెట్టుకుని, బ్యాండు ఫోను జీపీఎస్‌ను వాడుకునేలా అమర్చి పరుగెత్తాను. 2.46 వచ్చింది. నా ప్రశ్నల్లో ఒకటి అక్కడే తీరింది. ఆసుపత్రి నుంచి ఎప్పుడు పిలుపు వస్తుందో తెలియదు కాబట్టి ఫోను ఎలాగూ వెంట ఉంటుంది. బ్యాండులోనే జీపీఎస్ ఉండాలని రెట్టింపు ధర పెట్టనక్కరలేదు. ఫోను ఇంట్లో వదిలి పరుగెత్తాలనుకునేవాళ్లకు మాత్రం ఆ ఖర్చు తప్పదు.

గుండె వేగం దగ్గర నిజంగా కంగారు పడ్డాను. నాలుగో రోజు బ్యారేజీ మధ్యకు వచ్చేసరికి బ్యాండు 166 చూపించింది. నా వయసుకు గరిష్ఠ వేగం సుమారు 180. 166 అంటే మాట పెగలకూడదు. నేనేమో పక్కన నడుస్తున్న పెద్దావిడను పలకరించి మాట్లాడగలుగుతున్నాను. రెయిలింగు పక్కన ఆగి, మెడకు ఒక పక్క రెండు వేళ్లు ఆనించాను. ఆగీ ఆగగానే చూడాలి, ఆలస్యమైతే వేగం దిగిపోతుంది. మెత్తగా ఒక్క పక్కనే ఆనించాలి, రెండు పక్కలా కలిపి నొక్కకూడదు. పదిహేను సెకన్లలో 34. నాలుగుతో గుణిస్తే 136. మళ్లీ పరుగు అందుకుని ఈసారి అడుగులు లెక్కపెట్టాను. అర నిమిషంలో 83 అడుగులు. నిమిషానికి 166. బ్యాండు చూపిస్తున్నది నా గుండెను కాదు, నా కాళ్లను!

ఇది ఎందుకు జరుగుతుందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. బ్యాండు అడుగున పచ్చని వెలుగు చిమ్మే చిన్న దీపాలు ఉంటాయి. రక్తం ఆ పచ్చని వెలుగును పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులోకి రక్తం పొంగి, తిరిగి వచ్చే వెలుగు తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులను లెక్కపెట్టడమే దాని పని. మేం రోగి వేలికి తగిలించే ఆక్సిమీటరు కూడా వెలుగుతోనే పనిచేస్తుంది. అక్కడ ఎర్రని వెలుగు, పరారుణ కిరణాలు వేలిలోంచి అవతలికి దూరి వెళ్తాయి, పైగా రోగి చేయి కదలదు. పరుగులో ప్రతి అడుగుకూ చేయి ఊగుతుంది. బ్యాండు వదులుగా ఉండి చెమటకు జారుతుంటే ఆ ఊపునే అది నాడి అనుకుంటుంది. తరవాతి రోజు బ్యాండును మణికట్టు ఎముక మీది నుంచి రెండు వేళ్ల వెడల్పు పైకి జరిపి, ఒక రంధ్రం బిగించాను. బ్యాండు 138, నా వేళ్లు 136. పరుగు అయిపోగానే మళ్లీ వదులు చేసుకోవాలి, లేకపోతే చర్మం కందుతుంది.

ఇక నిద్ర. ఆ వారంలో మూడు నైట్ డ్యూటీలు పడ్డాయి. మూడు పగళ్లూ పడుకున్నాను. యాప్‌లో ఒక్కరోజు "కునుకు" అని గంటా పది నిమిషాలు వచ్చింది. మిగతా రెండు రోజులు ఖాళీ. ఆ బ్యాండుకు నిద్ర అంటే రాత్రే. తమ్ముడికి ఆ సంగతి ఇన్నాళ్లూ తెలియకపోవడంలో తప్పు లేదు, అతను పగలు పడుకోడు. నర్సులు, రైల్వేవాళ్లు, రాత్రి కాపలా వాళ్లు, ఇంతమంది పగలు పడుకునే ఈ ఊళ్లో ఇది చిన్న లోపమని నేను అనుకోను.

ఆదివారం సాయంత్రం బీసెంట్ రోడ్డులోని ఒక దుకాణానికి వెళ్లాను. 3,000 రూపాయలు దాటకూడదని ముందే అనుకున్నాను. కుర్రవాడు ముందుగా 1,499 రూపాయల పెద్ద తెర గడియారం తీశాడు. "మేడమ్, ఇందులో వంద రకాల ఆటలున్నాయి, ఫోను కూడా మాట్లాడవచ్చు" అన్నాడు.

"పగలు పడుకుంటే ఆ నిద్రను లెక్కపెడుతుందా బాబూ?"

"నిద్ర అంటే రాత్రి కదా మేడమ్" అన్నాడు అమాయకంగా.

దాన్ని ఒక చేతికి, 2,799 రూపాయల సన్నని బ్యాండును మరో చేతికి కట్టుకుని, ఆ దుకాణం పక్కనున్న మెట్లు మూడంతస్తులు గబగబా రెండుసార్లు ఎక్కి దిగాను. కిందికి వచ్చి నాడి చూసుకుంటే నిమిషానికి 112. సన్నని బ్యాండు 109. పెద్ద తెర గడియారం నేను మెట్లెక్కకముందు 76 చూపించింది, దిగాక 78. మరో నిమిషం ఆగి చూసినా 81 దాటలేదు. కుర్రవాడు తన మణికట్టు కూడా ముందుకు చాచి, "నాది కూడా చూడండి మేడమ్" అన్నాడు. అతనిది 84.

అక్కడే కొనలేదు. ఇంటికి వచ్చి ఆ సన్నని బ్యాండు తయారీదారు పెట్టిన వాడుక పుస్తకాన్ని ఫోనులో దించుకుని నిద్ర అధ్యాయం మొత్తం చదివాను. ఏ వేళ పడుకున్నా నమోదు చేస్తుందని, మూడు గంటలు దాటిన నిద్రకే దశల వివరం ఇస్తుందని అందులో స్పష్టంగా ఉంది. మర్నాడు డ్యూటీ దిగి దారిలోనే కొన్నాను. పేరు చెప్పడం లేదు, ఈ రకాలు ఏడాది తిరగకుండానే మారిపోతాయి. మెట్లు, నాడి, వాడుక పుస్తకంలో నిద్ర అధ్యాయం మాత్రం ఏ రకానికైనా పనికొస్తాయి.

కొన్నాక తెలిసినవి కొన్ని ఉన్నాయి. పెట్టె మీద బ్యాటరీ 14 రోజులని ఉంది. గుండె వేగం నిరంతరం, నిద్ర వివరం పూర్తిగా పెట్టుకుంటే నాకు ఆరు రోజులు వస్తోంది. మన ఉక్కపోతకు సిలికాన్ పట్టీ కింద వారానికే ఎర్రగా దద్దు వచ్చింది. రోజూ పట్టీ కడిగి ఆరబెట్టడం, 250 రూపాయలు పెట్టి నైలాన్ పట్టీ వేయించుకోవడంతో తగ్గింది. రక్తంలో ఆక్సిజన్ అంకె కూడా చూపిస్తుంది కానీ నేను దాన్ని పట్టించుకోను, మీరూ దాన్ని నమ్మి ఏ వైద్య నిర్ణయమూ తీసుకోవద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

డ్యూటీలో బ్యాండు కట్టుకోను. మణికట్టు దాకా చేతులు శుభ్రం చేసుకోవాలి కాబట్టి వార్డులో గాజులు, గడియారం ఏవీ ఉండకూడదు. లాకరులో పెట్టి వెళ్తాను. దాంతో రోజుకు పదివేల అడుగుల లెక్క నాకు ఎప్పుడూ నిండదు. ఆ పదివేల అంకె 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరు నుంచి వ్యాపించింది. ఆ పేరుకు అర్థమే పదివేల అడుగుల మీటరు. రాత్రంతా మంచాల మధ్య తిరిగే మనిషిని కాబట్టి ఆ లెక్కను యాప్‌లో కట్టేశాను.

నిద్రను బ్యాండు నేరుగా చూడలేదు. చేయి కదలిక, గుండె వేగంలో మార్పులను బట్టి ఊహిస్తుంది. గాఢనిద్ర ఎంత, కలల నిద్ర ఎంత అని తేల్చాలంటే తల మీద ఎలక్ట్రోడ్లు అంటించి మెదడు తరంగాలు నమోదు చేయాలి. అందుకని దిండు పక్కన ఒక నోటుపుస్తకం, పెన్సిలు పెట్టుకున్నాను. మెలకువగా ఉండగా ఏ చప్పుడు విన్నా గోడ గడియారం చూసి టైము రాశాను. ఒకరోజు పుస్తకంలో ఇలా ఉంది: "10:25 పడుకున్నాను. 11:05 పక్కింటి కుక్కరు, మూడు ఈలలు. ఇంకా నిద్ర పట్టలేదు." అదే రోజు బ్యాండు 10:41 నుంచే నిద్ర అని రాసింది. కళ్లు మూసుకుని కదలకుండా పడుకుంటే దానికి అదీ నిద్రే. మూడు వారాలు పోల్చి చూస్తే రోజుకు ఇరవై నుంచి నలభై నిమిషాలు ఎక్కువ చూపిస్తోంది. ఆ మేరకు తగ్గించి చదువుకుంటున్నాను. నాలుగు గంటల ఇరవై అంటే నాకు మూడు గంటల యాభై. ఆ అంకె చూసినప్పుడు నాకు నా మీద జాలేసింది, ఇన్నేళ్లుగా ఇంత తక్కువ నిద్రతోనా సూదులు పట్టుకున్నది అనిపించి.

నిద్ర పట్టిన సమయం దగ్గర అది తడబడినా, మెలకువ వచ్చిన సమయం దగ్గర మాత్రం నిలకడగా ఉంది. యాప్‌లో నైట్ డ్యూటీ తరవాతి పగళ్లన్నీ ఒకదాని కింద ఒకటి పెట్టి చూస్తే, దాదాపు ప్రతిరోజూ పన్నెండుంబావు దగ్గర ఒక గండి. గుండె వేగం ఉన్నట్టుండి 64 నుంచి 85కి లేస్తుంది, చేయి కదులుతుంది, ఆ తరవాత అరగంట నిద్ర లేదు. కొన్ని రోజులు నేను లేచినట్టే నాకు గుర్తు లేదు. ఒకటి రెండు రోజులు మాత్రం పుస్తకంలో వంకర అక్షరాలతో "గ్రైండరు" అని ఉంది.

ఆ గీతలు అత్తయ్యకు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని ఫోను దగ్గరగా పట్టుకుని చూశారు. "తలుపు వేసుకుని పడుకున్నావు కదా, వినపడదనుకున్నానమ్మా. పన్నెండింటికి రుబ్బితే సాయంత్రానికి పిండి పులుస్తుందని..." అన్నారు. కాసేపు ఆగి, "ఒక్కసారి కూడా చెప్పలేదేం?" అని అడిగారు. నాకే తెలియదని చెప్పాను.

ఇప్పుడు మా ఇంట్లో పప్పు రుబ్బేది మూడు దాటాకే. పిండి రాత్రికి పులుస్తోంది, ఇడ్లీ మర్నాటికి వేసుకుంటున్నాం.