మా డయాలసిస్ సోషల్ వర్కర్‌కి సిటీ ప్రొక్లమేషన్ ఇప్పించాం - నా అనుభవం

మేముండేది అట్లాంటా పక్కన చిన్న సిటీలో. మావారికి కిడ్నీలు ఫెయిలై డయాలసిస్ మొదలైనప్పుడు ఇన్సూరెన్స్ గొడవల్లో మాకు దిక్కు తోచకపోతే చెయ్యి పట్టుకుని నడిపించింది మా సెంటర్‌లో సోషల్ వర్కర్. నల్లజాతి ఆవిడ, అట్లాంటాలోనే పుట్టి పెరిగింది. ఆవిడ రిటైర్ అవుతుందని తెలిశాక పేషెంట్ల ఇళ్ళవాళ్ళం కొందరం మాట్లాడుకుని, కేక్ కోసి పంపించేస్తే సరిపోదు, ఈవిడ చేసింది ఊరందరికీ తెలియాలి, సిటీ నుంచి ప్రొక్లమేషన్ ఇప్పిద్దాం అనుకున్నాం. మన దగ్గర సన్మాన పత్రం లాంటిదే, మేయర్ సంతకంతో కౌన్సిల్ మీటింగ్‌లో చదివి ఇస్తారు.

రిక్వెస్ట్ ఫామ్ సిటీ వెబ్‌సైట్‌లోనే ఉంది. కొన్ని వారాల ముందే పెట్టుకోవాలి, పైగా అందులో రాయాల్సిన మేటర్ కూడా మనమే డ్రాఫ్ట్ చేసివ్వాలి. మార్చి ఇక్కడ సోషల్ వర్క్ నెల కాబట్టి మార్చి మీటింగే అడిగాం. అసలు కష్టం అక్కడ మొదలైంది. అందరూ పంపినవి "దేవత లాంటి మనిషి", "మనసు బంగారం", ఇవే, క్లర్క్ ఆఫీసులో అమ్మాయేమో ఇవన్నీ బాగున్నాయండీ కానీ ఆవిడ ఏం చేసిందో రాయండి అంది. నిజమే కదా. కానీ ఆవిడ చేసిందంతా పేషెంట్ల ఫైళ్ళలో ఉంటుంది, పేషెంట్ల వివరాలు గోప్యంగా ఉంచాలనే హిపా చట్టం వల్ల సెంటర్ వాళ్ళు ఒక్క ముక్క బయటికి చెప్పరు. ఎవరి కథ వాళ్ళు చెప్పుకోడానికి మాత్రం ఏ అడ్డూ లేదు, అందుకని ఇష్టపడ్డవాళ్ళ దగ్గర సంతకంతో ఉత్తరాలు తీసుకున్నాం.

అందులో ఒక రిటైర్డ్ బస్ డ్రైవర్ గారి ఉత్తరం చదివి నేను ఏడ్చేశాను. ఆయనా నల్లజాతి ఆయనే. చాలా ఏళ్ళపాటు ఇక్కడి ల్యాబుల్లో కిడ్నీ పనితీరు లెక్క, ఈజీఎఫ్ఆర్ అంటారు, పేషెంట్ నల్లజాతి అయితే ఫార్ములా ప్రకారం సుమారు 16 నుంచి 21 శాతం పెంచి చూపించేవాళ్ళు. దాంతో కిడ్నీ దెబ్బతిన్నా కాగితం మీద పర్లేదన్నట్టు కనిపించేది, ట్రాన్స్‌ప్లాంట్ లిస్టులోకి ఆలస్యంగా ఎక్కేవాళ్ళు. ఆ లిస్టులో నంబర్ పడి వెయిటింగ్ టైం మొదలవ్వాలంటే డయాలసిస్ అయినా మొదలవ్వాలి, ఈజీఎఫ్ఆర్ 20కైనా దిగాలి. 2022లో నల్లజాతి వాళ్ళకి పెంచి చూపించే ఆ లెక్కని దేశం మొత్తం లిస్టు నడిపే ట్రాన్స్‌ప్లాంట్ సిస్టం ఆపించేసింది, 2023 జనవరి నుంచి పాత లెక్క వల్ల నష్టపోయిన నల్లజాతి పేషెంట్లకి పోయిన టైం తిరిగి కలపాలని రూల్ పెట్టింది. కలపాలంటే పాత ల్యాబ్ రిపోర్టులు కావాలి, ఎప్పుడో మానేసిన డాక్టర్ల దగ్గరవి ఎవరికి దొరుకుతాయి చెప్పండి. ఆవిడ డయాలసిస్ కుర్చీల పక్కకి చక్రాల స్టూల్ లాక్కుని, దుప్పట్లో వణుకుతున్న మనిషి మొహానికి సరిగ్గా ఎదురుగా కూర్చుని, ఏ ఊళ్ళో ఉన్నావు, ఏ డాక్టర్, ఏ సంవత్సరం అని ఒక్కొక్కళ్ళనీ అడిగి రాసుకుని, ఫ్యాక్సులు పంపి, ఫోన్లు చేసి ఆ కాగితాలు తెప్పించి ట్రాన్స్‌ప్లాంట్ హాస్పిటల్‌కి పంపింది. ఈ డ్రైవర్ గారికి వెయిటింగ్ టైం మొదలైన తేదీ వెనక్కి జరిగి పోయిన టైం కలిసింది, కిడ్నీ వచ్చింది, ఉత్తరం ఇంట్లో కూర్చుని తన చేత్తో రాశారు.

మావారి విషయంలో కూడా అంతే, మొదటి 30 నెలలు బిల్లులు ముందు ఆఫీస్ ఇన్సూరెన్స్ కడుతుంది, ఆ తర్వాత గవర్నమెంట్ ఇన్సూరెన్స్ అయిన మెడికేర్ ముందుకొస్తుంది, ఆ లోపల ఏది వదులుకోకూడదో ఆవిడే చెప్పింది, "బేబీ, ఏ కాగితం పారెయ్యకు" అనేది నాతో ఎప్పుడూ.

డ్రాఫ్ట్‌లో ఆవిడ చదువు గురించి కూడా పెట్టాం. అట్లాంటాలో 1920లో నల్లజాతి సోషల్ వర్కర్ల కోసం పెట్టిన స్కూల్‌లో చదివింది, 1954లో దానికి డీన్ అయిన విట్నీ యంగ్ తర్వాత నల్లజాతి వాళ్ళ హక్కుల కోసం పనిచేసే నేషనల్ అర్బన్ లీగ్ అనే సంస్థని నడిపారు, ఇప్పుడు ఆ స్కూలు ఆయన పేరుతోనే క్లార్క్ అట్లాంటా యూనివర్సిటీలో ఉంది. ఈవిడ ఒంటరిగా ఎక్కణ్ణుంచో ఊడిపడలేదు, ఆ పరంపరలో మనిషి అని రాయడం నాకు ముఖ్యమనిపించింది. ఆవిడకి చదివి వినిపిస్తే తన గురించి ఉన్న రెండు మాటలు కొట్టేయించి డయాలసిస్ నర్సుల పేరు చేర్చమంది, చేర్చాం.

మీటింగ్ రోజు హాల్లో వీల్‌చెయిర్లు, ఆక్సిజన్ సిలిండర్లు, మా పిల్లలు, ఆవిడ చర్చి వాళ్ళు, కూర్చోడానికి చోటు లేదు. మేయర్ చదివాక ఆవిడ మైక్ తీసుకుని థాంక్యూ చెప్పి, పొద్దున 5 గంటల షిఫ్ట్‌కి వచ్చే పేషెంట్లకి సెంటర్ ముందు బస్ స్టాప్ దగ్గర లైటు లేదు, చీకట్లో పడిపోతున్నారు, అది వేయించండి అని అడిగి దిగిపోయింది. మా హాలంతా లేచి చప్పట్లు. లైటు ఇంకా పడలేదు, మేం మాత్రం ప్రతి మీటింగ్‌లో పబ్లిక్ కామెంట్‌కి, అంటే ఊళ్ళోవాళ్ళు మాట్లాడే టైంకి, పేరిచ్చి అడుగుతూనే ఉన్నాం, వచ్చే నెల డ్రైవర్ గారి వంతు.