కిసింజర్ గారి కడుపునొప్పి, మంత్రిగారికి తెలియని ప్రయాణం

సర్వీసులో ఉన్నన్నాళ్లూ నా టేబుల్ మీద రోజూ కనిపించిన కాగితం టూర్ ప్రోగ్రామ్. ఎన్నింటికి బేగంపేట, ఎన్నింటికి హెలిప్యాడ్, ఎన్నింటికి శంకుస్థాపన. సమాచార శాఖలో చిన్న ఉద్యోగంతో మొదలుపెట్టి, ప్రెస్ నోట్లు రాస్తూనే రిటైరయ్యాను. మాకు పని నేర్పిన ఆఫీసర్ గారు ఒక మాట అంటుండేవారు: "ఏమయ్యా, ఆయన ఎక్కడికెళ్తున్నాడు, అక్కడ ఏం మాట్లాడతాడు, విలేకరి అడిగితే మనం ఏం చెప్పాలి. ఈ మూడూ ఒకే కాగితం మీద లేకపోతే సాయంత్రానికి ఖండన రాసుకోవాల్సిందే."

అందుకేనేమో, ఇప్పుడు తీరిక దొరికితే నేను చదివేవి దౌత్య ప్రయాణాల కథలు. ఒప్పందంలో ఏముందన్నదాని కంటే విమానంలో ఎవరిని ఎక్కించుకున్నారు, ఎవరిని వదిలేశారు, ప్రెస్‌కి ఏం చెప్పారు అన్నవే నాకు ఆసక్తి. వాటిలో మళ్లీ మళ్లీ చదివింది 1971 జూలైలో హెన్రీ కిసింజర్ టూర్ ప్రోగ్రామ్.

కాగితం మీద ఉన్నది ఇదీ: సైగాన్, బ్యాంకాక్, ఢిల్లీ, ఇస్లామాబాద్, పారిస్. అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌కి జాతీయ భద్రతా సలహాదారు ఆయా దేశాల పరిస్థితి చూసి వస్తారు, అంతే. విలేకరులకు విసుగు పుట్టి వెంటపడటం మానేయాలని కావాలనే అంత చప్పగా తయారుచేశారు. ఈ పని ఎంత కష్టమో బయటివాళ్లకు తెలియదు. వార్త చేయడం కంటే వార్త కాకుండా చూడటానికి ఎక్కువ తెలివి కావాలి.

జూలై 6న ఢిల్లీ వచ్చారు. తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షల మంది శరణార్థులు బెంగాల్‌లో తలదాచుకుంటున్న రోజులవి. అమెరికా ఆయుధాలు ఇంకా పాకిస్తాన్‌కు వెళ్తున్నాయని తెలిసి జనం మండిపడుతున్నారు. ఇందిరా గాంధీని కలిశారు, ఆమె ముఖ్య కార్యదర్శి హక్సర్‌తో, విదేశాంగ మంత్రి స్వరణ్ సింగ్‌తో, రక్షణ మంత్రి జగ్జీవన్ రామ్‌తో మాట్లాడారు. ఇంత మందిలో ఒక్కరికి కూడా ఆయన అసలు వెళ్తున్నది ఎక్కడికో తెలియదు. తెలిసే అవకాశం కూడా లేదు.

8న ఇస్లామాబాద్ చేరారు. పాకిస్తాన్ అధ్యక్షుడు యాహ్యా ఖాన్ ఇచ్చిన విందులో కిసింజర్‌కి కడుపునొప్పి "వచ్చింది". ఈ వేడిలో ఎందుకు, నథియాగలీ కొండ మీద చల్లగా ఉంటుంది, వెళ్లి విశ్రాంతి తీసుకోండి అని యాహ్యా అందరూ వినేలా పట్టుబట్టారు. తెల్లారి ఒక ఉత్తుత్తి కాన్వాయ్ కొండెక్కింది. అప్పటికే, ఇంకా చీకటి ఉండగానే, కిసింజర్ చక్లాలా విమానాశ్రయంలో పాకిస్తాన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 707 ఎక్కేశారు. ప్రయాణం బీజింగ్‌కి, అప్పటికింకా అమెరికా గుర్తించని చైనాకి. లోపల చైనా అధికారులు కూర్చుని ఉన్నారు. ఆయనతో వచ్చిన సీక్రెట్ సర్వీస్ వాళ్లకు కూడా ముందు చెప్పలేదట. చైనావాళ్లను చూసి ఆ అంగరక్షకులు ఉలిక్కిపడ్డారు. కాపలా కాసేవాడికే ఎవరి నుంచి కాపాడాలో తెలియకుండా చేయడమంటే మాటలు కాదు!

ఇంత పకడ్బందీగా చేసి, మారు చొక్కాలు మాత్రం పాకిస్తాన్‌లోనే మర్చిపోయారు. తనకంటే చాలా పొడవైన సహాయకుడు జాన్ హోల్డ్‌రిడ్జ్ చొక్కాలు అరువు తీసుకుని వేసుకున్నారు. ఆ చొక్కాల లేబుల్ మీద మేడిన్ తైవాన్ అని ఉంది. చైనా ప్రధాని జౌ ఎన్‌లైతో కూర్చుని తైవాన్ భవిష్యత్తు మాట్లాడిన మనిషి ఒంటి మీద తైవాన్ చొక్కా. ఇలాంటిది ఊహించి రాస్తే ఎవరూ నమ్మరు.

11న ఏమీ ఎరగనట్టు పాకిస్తాన్ తిరిగొచ్చారు. 15న నిక్సన్ కాలిఫోర్నియాలోని ఒక టీవీ స్టూడియో నుంచి కొద్ది నిమిషాలు మాట్లాడి, తాను చైనా వెళ్తున్నానని ప్రకటించారు. ప్రపంచం నోరెళ్లబెట్టింది.

ఇక్కడి వరకు ఎవరైనా చెప్పే కథే. నాకు పట్టింది వేరే: ఎవరెవరికి చెప్పలేదు అన్నది.

అమెరికా విదేశాంగ మంత్రి విలియం రోజర్స్‌కి చెప్పలేదు. కిసింజర్ వాషింగ్టన్ నుంచి బయల్దేరి వెళ్లాక గానీ ఆయన చెవిన వేయలేదు. పెళ్లి ఇంట్లో మేనమామకు ముహూర్తం పెట్టుకున్నాక కబురు పంపినట్టు. ఉపాధ్యక్షుడు స్పైరో ఆగ్నూ ఆ వేసవిలో వేరే విదేశీ పర్యటనలో ఉన్నారు. ఆయన సంగతి వేరు. ఏప్రిల్‌లో అమెరికా పింగ్‌పాంగ్ జట్టు చైనా వెళ్లొచ్చినప్పుడు, ఆ సందడి తనకు నచ్చలేదని ఒక అర్ధరాత్రి విలేకరులను కూర్చోబెట్టుకుని చెప్పేశారు. పేరు రాయొద్దన్నా అది బయటికి రాకుండా ఉంటుందా? ఉపాధ్యక్షుడికీ అధ్యక్షుడికీ తేడాల్లేవని వైట్‌హౌస్ సర్దిచెప్పుకోవాల్సి వచ్చింది. అలాంటాయనకు ముందే చెప్పకపోవడం నాకు అర్థమవుతుంది. కానీ జపాన్ ప్రధాని సాటోకి ప్రకటనకు నిమిషాల ముందు చెప్పడం? చైనాను గుర్తించకుండా ఏళ్లుగా అమెరికా వెనకే నిలబడ్డ మిత్రుడాయన. ఆ దెబ్బకి జపాన్ వాళ్లు పెట్టుకున్న పేరు "నిక్సన్ షాక్".

ఎందుకింత రహస్యం అంటే కారణాలు లేకపోలేదు. వియత్నాం యుద్ధం గురించిన రక్షణ శాఖ రహస్య పత్రాలు జూన్ 13న న్యూయార్క్ టైమ్స్‌లో అచ్చయ్యాయి. నిక్సన్‌కి లీకుల భయం ఆ ముందు నుంచీ ఉంది, దానితో పిచ్చిగా మారింది. లీకులు ఆపడానికి వైట్‌హౌస్‌లో ఒక ముఠానే పెట్టుకున్నారు. వాళ్లకి "ప్లంబర్లు" అని పేరు. మరుసటి ఏడాది వాటర్‌గేట్ భవనంలో ప్రతిపక్ష పార్టీ ఆఫీసులోకి చొరబడి దొరికిపోయిన వ్యవహారానికి వేరు అక్కడే ఉంది. ఇంకో తమాషా, ఎవరూ నోరు విప్పకూడదని అంత ఆరాటపడ్డ నిక్సన్ అదే 1971 ఫిబ్రవరి నుంచి తన గదిలో తన మాటలన్నీ టేపు చేయించుకుంటున్నారు.

మనవాళ్లకు కడుపు మండే సంగతి దీనికి ముందుంది. అమెరికా కబుర్లు చైనాకు మోసే దారి యాహ్యా ఖాన్. 1971 మార్చి నుంచి ఆయన సైన్యం ఢాకాలో చేస్తున్న మారణకాండ చూసి, అక్కడి అమెరికా కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్, సిబ్బందితో కలిసి ఏప్రిల్ 6న వాషింగ్టన్‌కి నిరసన టెలిగ్రామ్ పంపారు. అమెరికా ప్రభుత్వం నైతికంగా దివాలా తీసిందన్నది అందులోని మాట. బ్లడ్‌ని అక్కడి నుంచి బదిలీ చేశారు. ఏప్రిల్ చివర్లో కిసింజర్ పంపిన ఫైలు మీద నిక్సన్ తన చేత్తో, అందరికీ అంటూ, ఈ సమయంలో యాహ్యాని ఇరుకున పెట్టొద్దు అని రాశారు. "వద్దు" అన్న మాట కింద మూడు గీతలు గీశారు.

ఆ మూడు గీతల గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. ప్రభుత్వంలో ఇలాంటి నోట్లు మేమూ చూశాం. ఫలానా విషయం మాట్లాడొద్దు అని వస్తుంది, ఎందుకో రాదు. ఎందుకో తెలిసినవాడు విలేకరి ముందు మౌనంగా ఉండగలడు, మాట మార్చగలడు, వేరే కథ ఇవ్వగలడు. తెలియనివాడు అయితే తన మనస్సాక్షి చెప్పింది చెబుతాడు, లేదా కోపంతో ఫైలు బయట పెడతాడు. నోళ్లు మూయించినంత మాత్రాన అందరి నోటా ఒకే మాట రాదని నా అభిప్రాయం. (కారణం చెప్పి ఉంటే బ్లడ్ ఊరుకునేవారా? ఊరుకోకూడదనే అంటాను. అంతమంది చస్తుంటే ఏ చైనా ప్రయాణమూ దానికి జవాబు కాదు.)

ఈ అభిప్రాయానికి నాకు దొరికిన గట్టి ఆధారం చార్లెస్ రాడ్‌ఫర్డ్ అనే నౌకాదళ గుమాస్తా. అంతకుముందు ఢిల్లీలోని అమెరికా ఎంబసీలోనూ పనిచేశాడు. జాతీయ భద్రతా మండలిలో సైన్యం తరఫున ఉన్న ఆఫీసులో స్టెనో పని. కిసింజర్ జూలై ప్రయాణంలో ఇతనూ ఉన్నాడు. మనిషి లేని సమయం చూసి బ్రీఫ్‌కేసులు, చెత్త సంచులు వెతికి, దొరికిన కాగితాలన్నీ త్రివిధ దళాధిపతులకు చేరవేశాడు! మంత్రికి చెప్పని రహస్యం సైన్యం టేబుల్ మీదికి ఆ దారిన వెళ్లింది. శత్రుదేశపు గూఢచారి కాదు, అదే ప్రభుత్వంలో పక్క గది మనిషి. తమకు ఏదీ చెప్పరని తెలిశాక సేనాధిపతులు దొంగతనంగా తెలుసుకున్నారు. డిసెంబర్‌లో భారత్-పాక్ యుద్ధ సమయంలో పాకిస్తాన్ వైపు మొగ్గాలని వైట్‌హౌస్ సమావేశాల్లో జరిగిన చర్చలు కాలమిస్టు జాక్ ఆండర్సన్ పత్రికల్లో రాసినప్పుడు, ఎవరిచ్చారా అని వెతుకుతుంటే ఈ రాడ్‌ఫర్డ్ వ్యవహారం బయటపడింది. ఆండర్సన్‌కి మాత్రం తాను ఇవ్వలేదనే చెప్పాడతను.

ఇక అసలు యాత్ర. 1972 ఫిబ్రవరి 21న నిక్సన్ బీజింగ్‌లో దిగారు. జనవరిలోనే కిసింజర్ డిప్యూటీ అలెగ్జాండర్ హేగ్, ప్రెస్ సెక్రటరీ రాన్ జీగ్లర్, నిక్సన్ సహాయకుడు డ్వైట్ చాపిన్ వెళ్లి ఏర్పాట్లు చూసొచ్చారు. ఈ అడ్వాన్స్ టీమ్ పని ఎలా ఉంటుందో నాకు కొంచెం తెలుసు. 2006 మార్చిలో బుష్ హైదరాబాద్ వచ్చినప్పుడు రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, గచ్చిబౌలి బిజినెస్ స్కూలు ప్రోగ్రామ్‌లో ఉన్నాయి. మేము ప్రెస్ పాస్‌ల లెక్కలో తలమునకలై ఉంటే, అమెరికా వాళ్లు అడిగేవి వేరే ప్రశ్నలు. ఆ సమయానికి ఎండ ఎటు నుంచి పడుతుంది, ఆయన వెనక ఏం కనిపిస్తుంది. మన దగ్గర వేదిక మీద ఎవరు కూర్చుంటారన్నదే గొడవ, ఫొటోలో ఏం పడుతుందో ఫొటోగ్రాఫర్ అదృష్టం.

బీజింగ్‌లో ఆ లెక్క పరాకాష్ఠకు వెళ్లింది. అక్కడ ఉదయం పదకొండున్నర అంటే వాషింగ్టన్‌లో ఆదివారం రాత్రి పదిన్నర, జనం టీవీ ముందుండే వేళ. 1954లో జెనీవాలో అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి డల్లెస్ జౌ ఎన్‌లైతో చెయ్యి కలపలేదని చెప్పుకునేవారు. ఆ పాత మరక తుడిచే ఫొటోలో నిక్సన్ ఒక్కరే ఉండాలి. అందుకని నిక్సన్ దంపతులు మెట్లు దిగుతుంటే వెనక మిగిలిన వాళ్లెవరూ రాకుండా విమానంలో దారికి అడ్డంగా ఒక మనిషిని నిలబెట్టారు. కిసింజర్ కూడా లోపలే ఆగాల్సి వచ్చింది. తిరుగు ప్రయాణంలో విమానాన్ని అలాస్కాలో గంటలకొద్దీ ఆపారు, వాషింగ్టన్‌లో మళ్లీ రాత్రి టీవీ వేళకు దిగేలా.

బీజింగ్‌లో దిగిన ఆ మధ్యాహ్నమే మావో నుంచి హఠాత్తుగా పిలుపొచ్చింది. నిక్సన్, కిసింజర్, నోట్స్ రాయడానికి విన్‌స్టన్ లార్డ్ అనే యువ సహాయకుడు వెళ్లారు. విదేశాంగ మంత్రి రోజర్స్ అతిథి గృహంలోనే ఉండిపోయారు. మంత్రి లేని చోట సహాయకుడు కూర్చున్నాడని తెలిస్తే పరువు పోతుందని, ఫొటోల్లో లార్డ్‌ని కత్తిరించేయమని చైనావాళ్లను వీళ్లే అడిగారు. వాళ్లు కత్తిరించి విడుదల చేశారు. పూర్తి ఫొటో తరువాత లార్డ్ చేతికిచ్చారు.

ఫొటోలో కత్తిరించగలిగారు గానీ ఒప్పందం దగ్గర మాత్రం దొరికిపోయారు. యాత్ర చివర రెండు దేశాలూ కలిసి ఇచ్చే షాంఘై ప్రకటన ముసాయిదా కిసింజర్, చైనావాళ్లు రాత్రుళ్లు కూర్చుని రాశారు. రోజర్స్ శాఖకు చూపించలేదు. అంతా అయ్యాక హాంగ్‌జౌలో ఆ శాఖ ఆసియా వ్యవహారాల అధికారి మార్షల్ గ్రీన్ చేతికొచ్చింది. చదివిన వెంటనే తప్పు పట్టుకున్నారు. జపాన్, దక్షిణ కొరియాలతో ఒప్పందాలకు కట్టుబడి ఉన్నామని అందులో ఉంది, తైవాన్‌తో ఉన్న రక్షణ ఒప్పందం మాట లేదు. అంటే తైవాన్‌ని వదిలేశాం అని ప్రపంచం చదువుకుంటుంది. నిక్సన్ మండిపడ్డారు, కిసింజర్ విసుక్కున్నారు, కానీ గ్రీన్ చెప్పింది నిజం. అర్ధరాత్రి మళ్లీ చైనావాళ్లతో కూర్చుని ఒప్పందాల ప్రస్తావనే తీసేశారు. తైవాన్‌కిచ్చిన మాట నిలిచే ఉందని షాంఘైలో విలేకరుల సమావేశంలో కిసింజర్ నోటితో చెప్పారు. రాతలో మాత్రం అది ఎక్కడా లేదు.

యాత్ర ముగిశాక ఈ ప్రకటన అర్థం ఏమిటో మిత్రదేశాలకు విడమరచి చెప్పే పని ఒకరికి పడింది. టోక్యో, సియోల్, తైపే, ఇంకా ఎన్నో రాజధానులు తిరగాలి. దానికి పంపింది మార్షల్ గ్రీన్‌నే, తోడుగా హోల్డ్‌రిడ్జ్‌ని.