1 పాయింటు నుంచి 50 దాకా: స్టాక్ ఓవర్‌ఫ్లోలో నా అనుభవం

ప్రోగ్రామర్లు ప్రశ్నలు అడిగి, జవాబులు చెప్పుకునే సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో. అక్కడ ఖాతా తెరిస్తే చేతిలో పెట్టేది 1 పాయింటు. దాంతో ప్రశ్న అడగొచ్చు, జవాబు రాయొచ్చు. కానీ వేరేవాళ్ళ జవాబు కింద “ఈ లైను పైథాన్ 3లో నడవడం లేదు” అని ఒక్క ముక్క కామెంటు పెట్టాలంటే 50 ఉండాలి. నాకు కావలసింది ఆ ఒక్క ముక్కే. మన సొంత ప్రశ్నకూ, దాని కింద వచ్చిన జవాబులకూ 1 పాయింటుతోనే కామెంటు రాయొచ్చు. పక్కవాళ్ళ ఇంటి గడప తొక్కాలంటేనే 50.

కొత్తవాళ్ళు చేసే తప్పే నేనూ చేశాను. కామెంటు పెట్టె మూసి ఉంది కదా అని ఆ మాటను జవాబు పెట్టెలో రాశాను. ఒక డౌన్‌వోట్ (బాగోలేదనే ఓటు) పడింది, కాసేపటికి జవాబే తీసేశారు. మన పోస్టుకు డౌన్‌వోట్ పడితే 2 పాయింట్లు పోవాలి. నా దగ్గర ఉన్నది 1, లెక్క అంతకంటే కిందికి దిగదు కాబట్టి పాయింట్ల నష్టం ఏమీ లేదు. అసలు నష్టం వేరే ఉంది. తీసేసిన పోస్టులు కూడా ఖాతా చరిత్రలో ఉండిపోతాయి. అలాంటివి పోగుపడితే ఇక జవాబులు రాయనివ్వకుండా సాఫ్ట్‌వేరే అడ్డుకుంటుంది. ఒకటి రెండింటితో ప్రమాదం లేదు గానీ, అలవాటు చేసుకోకూడదు.

తర్వాత సవరణల దారి పట్టాను. ఎవరి పోస్టుకైనా సవరణ సూచించవచ్చు. సమీక్షించేవాళ్ళో, రాసినవాళ్ళో ఒప్పుకుంటే 2 పాయింట్లు వస్తాయి. ఈ దారిన జీవితకాలంలో 1,000కి మించి రావు. అక్షరదోషం ఒకటి దిద్ది పంపితే తిరగ్గొడతారు, ఎందుకంటే దాన్ని చూడ్డానికి ఇంకొకరి సమయం ఖర్చవుతుంది. కోడ్‌లోని తప్పును మనమే సరిచేసి పంపినా తిరగ్గొడతారు. అడిగినవాళ్ళ ఇబ్బందే ఆ తప్పు అయి ఉండొచ్చు కదా. ఒప్పుకునేవి ఇలాంటివి: మామూలు వాక్యాల్లో కలిసిపోయిన కోడ్‌ను కోడ్‌లా విడదీయడం, స్క్రీన్‌షాట్‌లో ఉన్న ఎర్రర్ సందేశాన్ని టెక్స్ట్‌గా ఎక్కించడం, తప్పు ట్యాగ్ (ప్రశ్న ఏ విషయానిదో చెప్పే గుర్తు) మార్చడం. అన్నీ ఒకే సవరణలో చేయాలి. నావి ఆరు ఒప్పుకున్నారు: 12 పాయింట్లు, మొదటి 1తో కలిపి 13. సవరణలతోనే 50 చేరాలంటే 25 కావాలి, 24కి 49 దగ్గర ఆగుతుంది. అంత ఓపిక నాకు లేదు.

అందుకే జవాబులు. జవాబుకు అప్‌వోట్ (బాగుందనే ఓటు) పడితే 10, అడిగినవాళ్ళు దాన్నే సరైనదిగా టిక్ పెడితే ఇంకో 15. (ప్రశ్నకు పడే అప్‌వోట్‌కు 2019 నవంబరు దాకా 5 ఇచ్చేవాళ్ళు. అప్పుడు దాన్నీ 10 చేసి, పాత ఓట్లకూ వర్తింపజేశారు.) జావాస్క్రిప్ట్ ట్యాగ్‌లో తేలిక ప్రశ్న పడితే మనం ఎడిటర్ తెరిచేలోపే మూడు జవాబులు ఉంటాయి. మొదట కనిపించిన సరైన జవాబుకే ఓట్లు పడతాయి, అరగంట తర్వాత ఎంత చక్కగా రాసినా చూసేవాళ్ళు తక్కువ. పరుగు పెట్టేవాళ్ళు వాడే ఉపాయం ఒకటుంది. ముందు రెండు వరుసల సరైన జవాబు పెట్టేసి, మొదటి 5 నిమిషాల్లో దాన్ని పెంచుకుంటూ పోతారు. ఆ 5 నిమిషాల్లో చేసిన మార్పులు సవరణల చరిత్రలో విడిగా కనిపించవు.

నేను పరుగు మానేసి పాండాస్ (పైథాన్‌లో డేటా పట్టికలతో పనిచేసే లైబ్రరీ) ట్యాగ్‌లో తేదీల ప్రశ్నలు చూశాను. అక్కడ మాటిమాటికీ వచ్చే చిక్కు ఒకటే. 05/04/2021 అని ఉంటే మనం ఏప్రిల్ 5 అనుకుంటాం, పాండాస్ మాత్రం చెప్పకపోతే మే 4 అని చదువుతుంది. పైగా ఎర్రర్ ఏమీ ఇవ్వదు, లెక్కలు మాత్రం తప్పుతాయి. తేదీగా మార్చే ఫంక్షన్‌లో డేఫస్ట్‌ను (“రోజు ముందు” అనే సెట్టింగు) ట్రూ చేయడమో, ఫార్మాట్‌ను పూర్తిగా రాసి ఇవ్వడమో మందు. రోజు ముందు రాసే దేశం వాళ్ళకి ఇది ఇట్టే తడుతుంది. ప్రశ్నలో ఇచ్చిన డేటానే తీసుకుని, కోడ్ నడిపి, వచ్చిన ఫలితాన్ని కూడా అతికించి, ఎందుకు తప్పుతోందో రెండు వాక్యాలు రాశాను. ఉత్త కోడ్ పడేస్తే టిక్ రావచ్చు గానీ, తర్వాత వెతుక్కుంటూ వచ్చేవాళ్ళ ఓట్లు వచ్చేది ఆ రెండు వాక్యాలకే. దానికి ఒక అప్‌వోట్: 23. టిక్: 38. ఇంకో అప్‌వోట్: 48. నేను అడిగిన పాత ప్రశ్న ఒకటి అలాగే ఉంటే, అందులో నాకు పనికొచ్చిన జవాబుకు టిక్ పెట్టాను. టిక్ పెట్టినవాళ్ళకు 2. సరిగ్గా 50.

మధ్యలో 15 దాటగానే అప్‌వోట్ వేసే హక్కు వచ్చింది. డౌన్‌వోట్‌కు 125 కావాలి. జవాబుకు డౌన్‌వోట్ వేస్తే మన ఖాతాలోంచి కూడా 1 పోతుంది, ప్రశ్నకు వేస్తే పోదు. కోపంతో జవాబులన్నీ కొట్టుకుంటూ పోకుండా పెట్టిన చిన్న జరిమానా అది. ఆ పోస్టును తొలగిస్తే ఆ 1 తిరిగొస్తుంది.

పక్క సీటు మిత్రుడు ఒకడు “ఇంత కష్టం దేనికి, నీ పోస్టులకు నేనే ఓట్లు వేసేస్తా” అన్నాడు. వద్దన్నాను. ఒకే మనిషి ఒకే మనిషి పోస్టులకు వరుసగా ఓట్లు వేస్తే రోజూ నడిచే స్క్రిప్ట్ పట్టుకుని వెనక్కి తీసేస్తుంది. ఎన్ని ఓట్లకు పట్టుకుంటుందో బయటికి చెప్పరు. రెండు ఖాతాలు పెట్టుకుని తనకు తానే ఓటేసుకునేవాళ్ళకైతే ఖాతా కొంతకాలం ఆపేయడం దాకా వెళ్తుంది.

ఓట్ల వల్ల రోజుకు 200కి మించి రావు. ఆ పైన ఎన్ని ఓట్లు పడ్డా సున్నా, టిక్ వల్ల వచ్చే 15, బౌంటీ (జవాబు కోసం ఒకరు పందెంగా పెట్టే పాయింట్లు) మాత్రం ఈ పరిమితిలోకి రావు. రోజు మారేది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం, అంటే మనకు ఉదయం 5:30కి. కొత్తవాళ్ళకు ఈ గోడ తగిలేంత దూరం రాదు లెండి.

వాళ్ళకు తగిలేది బౌంటీ. జవాబు రాని ప్రశ్నకు, అడిగిన రెండు రోజుల తర్వాత, మన పాయింట్లలోంచి 50 నుంచి 500 దాకా పందెంగా పెట్టొచ్చు. 75 ఉంటే చాలు. పెట్టిన క్షణమే అవి మన ఖాతాలోంచి పోతాయి. 7 రోజుల్లో జవాబు వచ్చినా రాకపోయినా తిరిగి రావు. హక్కులు ఉన్న పాయింట్లను బట్టే కాబట్టి 75 చేరగానే 50 పెట్టినవాళ్ళు 25కి దిగుతారు, కామెంటు పెట్టె మళ్ళీ మూసుకుంటుంది. 100 దాటేదాకా నేను బౌంటీ జోలికి పోలేదు.