సెర్బియాలో నా మొదటి ఏటీపీ పాయింటు

మా టెన్నిస్ అకాడమీకి పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులు నన్ను తరచూ అడిగే ప్రశ్న, ఏటీపీ ర్యాంకు, అంటే మగవాళ్ల ప్రొఫెషనల్ టెన్నిస్ ర్యాంకు, ఎలా వస్తుందని. నాకు వచ్చిన తీరు రాస్తున్నాను.

2022లో మన పాస్‌పోర్టుతో సెర్బియాలో 30 రోజులు వీసా లేకుండా ఉండొచ్చు. ఆ దేశం దక్షిణాన కుర్షుమ్లిస్కా బాన్యా అని వేడినీటి బుగ్గల ఊరుంది. అక్కడ ఎం15 టోర్నీలు, అంటే ప్రొఫెషనల్ ఆటలో అన్నిటికంటే కింది మెట్టువి, వారం వెంట వారం పెడతారు. ఒకే గదిలో మకాం వేసి వరసగా ఆడుకోవచ్చు. నేను వెళ్లడానికి కారణం అదే తప్ప అక్కడి ఎర్రమట్టి కోర్టుల మీద ప్రేమ కాదు. సిమెంటు కోర్టుల మీద పెరిగిన కాళ్లకు ఆ మట్టిలో జారుతూ ఆగడం రావడానికే చాలా టైం పట్టింది.

ముందు ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) సైట్‌లో ఐపిన్ అనే ఆటగాడి రిజిస్ట్రేషన్ నంబరు తీసుకోవాలి. టోర్నీ సోమవారం మొదలైతే, దానికి 18 రోజుల ముందు వచ్చే గురువారంతో ఎంట్రీ గడువు ముగుస్తుంది. ర్యాంకు లేనివాడి పేరు జాబితా అడుగున ఉంటుంది, పైవాళ్లు తప్పుకుంటే పైకి జరుగుతుంది. అసలు టోర్నీకి (మెయిన్ డ్రా) ముందు ఆడే క్వాలిఫైయింగ్‌లో సెట్లు చెరొకటి అయితే మూడో సెట్ ఉండదు, పది పాయింట్ల టైబ్రేకే. బంతులు మనమే ఏరుకోవాలి. అదంతా దాటి మెయిన్ డ్రాలో ఒక్క మ్యాచ్ గెలిస్తే ఒక ఏటీపీ పాయింటు, ర్యాంకు వచ్చేది దాంతోనే. మొదటి రౌండ్‌లో ఓడితే 156 డాలర్లు, పాయింటు సున్నా.

డబుల్స్‌కు నాకు దొరికిన జోడీ నిష్ అనే ఊరి నుంచి వచ్చిన సెర్బియన్. ర్యాంకు ఏడొందల పైమాట. నేను ఓడిన సాయంత్రాల్లో ఆట గురించి ఒక్క ముక్క మాట్లాడేవాడు కాదు, లెక్కలు చెప్పేవాడు. పాయింటు వయసు 52 వారాలు, ఆ తర్వాత లెక్కలోంచి పోతుంది. కిందటేడు ఇదే వారం సెమీస్ ఆడి ఉంటే, ఈ ఏడు మళ్లీ సెమీస్ ఆడితేనే ఉన్నచోట ఉంటాం. టోర్నీ గెలిచినా 2,160 డాలర్లు, అందులోనూ పన్ను పోతుంది. అతని ఇల్లు గడిచేది జర్మనీలో ఒక క్లబ్బుకు ఆడే లీగ్ మ్యాచ్‌ల డబ్బుతో. మిగతా రోజుల్లో తోటి ఆటగాళ్ల రాకెట్లకు స్ట్రింగులు కట్టేవాడు. నాకైతే తీగ డబ్బులే తీసుకున్నాడు.

జొకోవిచ్ దేశంలో పుట్టడం లాభమా అని అడిగితే నవ్వాడు. కోర్టులకు కొదవ లేదట, స్పాన్సర్లు మాత్రం అందరికీ రారట. సెర్బియా ఆటగాడు నికోలా మిలోయెవిచ్‌నే చూడండి. 2013లో జూనియర్లలో ప్రపంచ నంబర్ వన్, అయినా సింగిల్స్‌లో టాప్ 100 గడప తొక్కలేదు. మన సాకేత్ మైనేని 2016 యూఎస్ ఓపెన్ చివరి క్వాలిఫైయింగ్ రౌండ్‌లో ఓడించింది కూడా సెర్బియావాడినే, పెజా క్రిస్టిన్‌ని. ఆ ఏడాది మెయిన్ డ్రా మొదటి రౌండ్‌లో ఓడినా 40 వేల డాలర్ల పైనే వచ్చేవి. ఆ మాట ఎత్తగానే నా జోడీ "పెజా బాగా ఆడేవాడు" అని ఊరుకున్నాడు.

ఇక నా పాయింటు. ఒక వారం క్వాలిఫైయింగ్ దాటాను, డ్రాలో స్థానిక జూనియర్ తగిలాడు. గాలి విపరీతంగా ఉంది. అతను ప్రతి బంతినీ గీత మీదకే కొట్టాలని చూశాడు, నేను మధ్యలోకి ఎత్తి వేస్తూ కూర్చున్నాను. అందమైన ఆట కాదు, గెలిచాను. రెండో రౌండ్‌లో గంటలోపే ఇంటిదారి పట్టించారు.

52 వారాల తర్వాత ఆ పాయింటు పోయింది, నేను కోచింగ్‌లోకి వచ్చేశాను. నా డబుల్స్ జోడీ ఇంకా ఆడుతున్నాడు.

ఇప్పుడు వెళ్లాలనుకునేవాళ్లకు ఒక సంగతి: 2023 జనవరి నుంచి ఆ వీసా వెసులుబాటు లేదు. ఎంట్రీ వేసేముందే వీసా పని మొదలుపెట్టండి, 18 రోజుల్లో తెమిలే పని కాదది.