రెండు బిల్లులు, ఒకటే స్తంభం

హన్మకొండ చౌరస్తా దగ్గర మా బావ స్కానింగ్ సెంటర్ నడుపుతాడు. రాత్రిపూట సీటీ తీస్తే రిపోర్టు రాసేది హైదరాబాద్‌లో ఉండే డాక్టర్. ఒక్కో స్కాన్‌లో వందల ఇమేజ్‌లు ఉంటాయి, నెట్ ఉంటేనే అవి ఆయనకు చేరతాయి. పోయిన వానాకాలంలో ఒక రాత్రి తలకు దెబ్బ తగిలిన మనిషి బల్ల మీద ఉండగానే మా రెండు కనెక్షన్లూ ఒకేసారి పోయాయి. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి ఆ ఇమేజ్‌లు పంపేసరికి దాదాపు గంట పట్టింది. బయట వాళ్ల అమ్మ తలుపు పట్టుకుని నిలబడి ఉంది.

తెల్లారి బావ నన్ను పిలిచి, ఒకటి పోతే రెండోది దానంతటదే అందుకునేలా మంచి ఫైర్‌వాల్ (బయటి నెట్‌కీ లోపలి కంప్యూటర్లకూ మధ్య కాపలా ఉండే పెట్టె) పెట్టమన్నాడు. నాకు మాత్రం ముందు వీధి చూడాలనిపించింది. రెండు కంపెనీలు, రెండు బిల్లులు ఉండి కూడా రెండూ ఒకేసారి ఎలా పోయాయి? గోడకు కొట్టిన రెండు నల్ల కేబుళ్లను చూసుకుంటూ నడిస్తే, మూడో స్తంభం దగ్గర రెండూ ఒకే కట్టలో కలిశాయి. అక్కడ నిచ్చెన మీదున్న కేబుల్ అన్నను అడిగాను. "బిల్లులే వేరన్నా, దారి ఒకటే. ఈడ కొమ్మ పడ్డదంటే రెండూ పోతయ్" అన్నాడు.

అందుకే ఒకటి తీసేయించి, వెనక గల్లీ నుంచి వచ్చే ఇంకో కంపెనీ లైన్ తీసుకున్నాం. కేబుల్ తమ గోడ మీదుగా పోవడానికి వెనకింటి పెద్దాయన ఒప్పుకున్నారు. అది మెయిన్, పాతది బ్యాకప్.

ఫైర్‌వాల్‌కి పాత కంప్యూటర్‌లో మూడు నెట్‌వర్క్ పోర్టులు పెట్టి పీఎఫ్‌సెన్స్ అనే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. పాత కంపెనీ వాళ్లు బ్రిడ్జ్ మోడ్ ఇచ్చారు, అంటే వాళ్ల డబ్బా లైన్‌ని అలాగే దాటిస్తుంది, లాగిన్ మా ఫైర్‌వాలే చేస్తుంది. వాళ్ల దగ్గర పీపీపీఓఈ (లైన్‌కి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్ నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ నంబరు (ఒకే లైన్‌లో ట్రాఫిక్‌ని వేరుచేసే గుర్తు) ముందే అడిగి రాసుకున్నాను, ఎంటీయూ, అంటే ఒక్కో ప్యాకెట్ (డేటా ముక్క) గరిష్ఠ సైజు, 1492 బైట్లు పెట్టాను. కొత్తవాళ్లు బ్రిడ్జ్ మోడ్ ఇవ్వలేదు. వాళ్ల రౌటర్ అడ్రస్ 192.168.1.1, మా లోపలి నెట్‌వర్క్ కూడా అదే అడ్రస్‌ల వరస. రెండు పక్కలా ఒకటే వరస ఉంటే ఏ ప్యాకెట్ ఎటు పోవాలో ఫైర్‌వాల్‌కి తెలియదు, కాబట్టి లోపలిది 192.168.50.1కి మార్చాను. ఇమేజ్‌లు ఇక్కడి నుంచే బయటికి పోతాయి, బయటివాళ్లు లోపలికి రావాల్సిన పని లేదు. అందుకని స్టాటిక్ ఐపీకి (మారకుండా ఉండే నెట్ అడ్రస్‌కి) డబ్బు పెట్టలేదు.

టెస్ట్‌లో ఫైర్‌వాల్ వెనక కేబుల్ పీకితే లైన్ వెంటనే మారింది, బావ సంతోషపడ్డాడు. తర్వాత గోడ దగ్గర ఫైబర్ పీకాను. అప్పుడు మారలేదు! ఫైర్‌వాల్ పింగ్ చేస్తున్నది, అంటే లైన్ బతికుందో లేదో అడుగుతున్నది, పక్కనే ఉన్న కంపెనీ రౌటర్‌ని. బయట నెట్ చచ్చినా ఆ డబ్బా బతికే ఉంది, జవాబిస్తూనే ఉంది. మానిటర్ ఐపీలు (పింగ్ చేసే అడ్రస్‌లు) మార్చి మెయిన్‌కి బయట నెట్‌లో ఉన్న గూగుల్ వాళ్ల 8.8.8.8, బ్యాకప్‌కి క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల 1.1.1.1 ఇచ్చాను. రెండింటికీ ఒకటే అడ్రస్ ఇవ్వకూడదు, ఎందుకంటే ఒక్కో అడ్రస్‌కి పింగ్ ఒక్కో లైన్ మీదే పోవాలి.

మళ్లీ ఫైబర్ పీకాం. బావ ఒక పాత స్కాన్ పంపిస్తూ స్క్రీన్ ముందు కూర్చున్నాడు. పంపడం మధ్యలో ఆగింది, అరనిమిషం లోపే మళ్లీ కదిలింది. కంపెనీల రెండు డబ్బాలను కూడా సీటీ కంప్యూటర్ ఉన్న యూపీఎస్ మీదికే మార్చి, వీల్యాన్ నంబరు, అడ్రస్‌లు, ఏ కేబుల్ ఎటు పోతుందో బొమ్మ గీసి ర్యాక్ తలుపు లోపల అంటించాను. నైట్ డ్యూటీ టెక్నీషియన్ చేత కూడా ఒకసారి ఫైబర్ పీకించి చూపించాను.